బదిలీలు ఆపిన చేపల తొట్టి

మొన్న రాయపూర్‌లోనే పండరీ పేట వైపు మా మనవరాలి ఫ్లాట్లో ఉండగా, కింద తోటలోని చేపల కొలను మురికిపట్టిందని ఒకాయన సంచీతో వచ్చాడు. ఏదో పెట్టె మూత తీసి, స్పాంజి ముక్క మార్చి, నేను కళ్ళజోడు తుడుచుకుని సరిగ్గా చూసేలోగా వెళ్ళిపోయాడు. సాయంత్రానికి నీళ్ళు తేటపడ్డాయి. చేపల నీళ్ళు తేటపరచడం ఇంత తేలికైన పనైతే, నా కాపురంలో మొదటి వేసవి అంతా దేనికి హరించుకుపోయిందో నా ఈడు వాళ్ళకైనా చెప్పుకోవాలనిపించింది.

నేను రాయపూర్ వచ్చేనాటికి ఈ ఊరికి నాగపూరే రాజధాని. రైల్వే క్వార్టర్లలో మాది తెలుగు వరుస, అంటే విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం వైపు నుంచి వచ్చి ఇక్కడి హిందీని మన తెలుగులో నానబెట్టుకుని బతికిన వాళ్ళ వరుస. మా మామగారు ఇంజన్లకు నీళ్ళు పట్టే పంపుహౌస్‌లో మేస్త్రీ. మా వారు గూడ్సు ఆఫీసులో గుమాస్తా. ఈ కథలో ఆయనకు పెద్ద వేషం లేదు, ఇంట్లోనూ అంతే. నేను కొత్త కోడలిని, ఆ ఇంటి వడపోతలో కిందికి దిగే తేటనో పైన మిగిలిపోయే నలుసునో ఇంకా తేలని మనిషిని.

పెరట్లో అరటిచెట్ల పక్కన, రెండు మంచాలు కలిపి వేసినంత సిమెంటు తొట్టి ఒకటి ఉండేది. అందులోవి మా అత్తగారి చేపలు. పుట్టింటి చెరువులోని రాగండి పిల్లల్ని ఇత్తడి బిందెలో పోసుకుని ఆవిడ రైల్లో తెచ్చుకున్నారు. ఇంటిల్లిపాదికీ పాసులుండేవి గాని చేపలకు లేవు కనుక, టికెట్ కలెక్టర్ బిందె వైపు చూస్తే గంగాజలమని చెప్పారట. మేము చేపల పులుసు లొట్టలేసుకుని తినేవాళ్ళమే. కాని తొట్టిలోవి మాత్రం బంధువర్గం, వాటి మీద చెయ్యి వేసినవాడు లేడు.

ఆ వేసవిలో నీళ్ళు పచ్చబడి, కంపు కొట్టి, చేపలు ఒక్కొక్కటే పైకి తేలడం మొదలుపెట్టాయి. మామగారు పంపుహౌస్ విద్యంతా బయటికి తీశారు. నీళ్ళు వదిలే తూము గోడకు జానెడెత్తున ఉన్నందువల్లే అడుగు మడ్డి కదలడం లేదని, తొట్టి అడుగును ఒక మూలకు వాలుగా పూయించి, అక్కడ తూము పెట్టి, దానికి జాలీ బిగించి, మురుగునీరు అరటిచెట్లకు పోయేటట్టు కాలువ తీయించారు. గట్టు మీద ఒక డ్రమ్ము నిలబెట్టి, తొట్టి నీళ్ళను తోడిపోసి అందులోంచి వడగట్టే ఏర్పాటు చేశారు. రైల్వేవాడికి ఉచితంగా దొరికేదే శ్రేష్ఠం కాబట్టి మొదట ఇంజన్ల బూడిద తుక్కు నింపితే, నీళ్ళు ఇంజను పుక్కిలించి ఉమ్మినట్టు నల్లగా దిగాయి. తర్వాత బుద్ధిగా కింద కంకర, మధ్యన కట్టెబొగ్గు, పైన కడిగిన ఇసుక వేశారు. నీళ్ళు తేటపడ్డాయి, వారం తిరక్కుండానే మళ్ళీ కంపు.

కారణం అందరికీ తెలుసు, అనేవాళ్ళే లేరు. ఎదురింటి పిన్నిగారు ఒకనాడు మా చేపలకు గుప్పెడు మెతుకులు వేసిన మర్నాడే, వాళ్ళాయనకు ఏదో అడవి స్టేషనుకు వచ్చిన బదిలీ రద్దయింది. అంతే, చేపలకు అన్నం పెడితే బదిలీ ఆగుతుందని వరుసంతా పాకిపోయింది. బదిలీ భయం లేని రైల్వే ఇల్లు ఎక్కడుంటుంది? పొద్దున్నే గిన్నెలతో ఆడవాళ్ళు దిగేవారు. చేపలు తిన్నది తినగా మిగిలిన మెతుకులు జాలీకి అడ్డంపడి, ఇసుకలో జిగురై, మామగారి విద్యనంతా మింగేసేవి.

"ఊళ్ళో ఇంజన్లన్నిటికీ నీళ్ళు తాగిస్తన్నాను, నా పెరట్లో ఈ కంపేటే? ఇంకొక్క చేప తేలిందంటే బస్, ఇంక సాలు, తొట్టి నిండా మట్టి పోయించి ఆనప పాదు పెట్టేస్తాను" అన్నారు మామగారు.

"పెట్టండి. ఆ ఆనపకాయలు మీరే వండుకుందురు గాని" అన్నారు అత్తగారు. అన్నారే గాని, ఆ పూట ఆవిడకు ముద్ద దిగలేదు. మెతుకులు వెయ్యొద్దని చెప్పొచ్చు కదా అని నేను నసిగితే, "ఎలా సెప్పనే? రేపు బదిలీ అయినోళ్ళంతా నా పేరే కదా తిట్టుకునీది" అన్నారు.

మర్నాడు పిన్నిగారు గిన్నెతో రాగానే నా నోరు నన్నడక్కుండానే తెరుచుకుంది. "అత్తయ్యకు కల వచ్చిందండీ. చేపలు మెతుకులొద్దన్నాయట, బిందెడు నీళ్ళు పొయ్యమన్నాయట."

పిన్నిగారు గిన్నె గట్టు మీద పెట్టేశారు. "నిజమేటి వదినా? సేపలు మాటాడినాయా?"

అత్తగారు చేటలో బియ్యం చెరుగుతున్నారు. తల ఎత్తలేదు.

"మాటాడినాయి. అచ్చం మన బొబ్బిలోళ్ళలాగే మాటాడినాయి. నీల్లు తిన్నగా తొట్లో పొయ్యకూడదంట, ఆ డ్రమ్ములో పొయ్యాలంట" అన్నారావిడ, నేను మరిచిపోయిన సాంకేతిక భాగం కూడా కలిపి.

మధ్యాహ్నం నా కంచంలో చింతకాయ పచ్చడి పక్కన నెయ్యి కాస్త ధారాళంగా పడింది.

ఆ రోజు నుంచి కుళాయి వచ్చే వేళకు మా పెరట్లోకి బిందెల ఊరేగింపు. కొత్త నీళ్ళు పైనుంచి దిగుతుంటే పాత నీళ్ళు అడుగు తూములోంచి మడ్డితో సహా అరటిచెట్లకు పోయేవి. చేపలు తేలడం మానేశాయి. మామగారు ఆనప గింజల్ని దడి పక్కన పాతుకున్నారు. బదిలీలంటారా, రావలసినవి వచ్చాయి, ఆగవలసినవి ఆగాయి. కొన్నాళ్ళకు మా మామగారికే వచ్చింది. సొంతింటికి ఆ చేపల మహిమ పనిచెయ్యలేదు. తొట్టిని పిన్నిగారికి అప్పగించి సామాను ఎక్కించుకున్నాం.

ఇన్నేళ్ళకు నాకు గుర్తొచ్చేది చేపలు కూడా కాదు. ఇసుక తొందరపడదు కదా, బిందెడు నీళ్ళు దిగాలంటే చాలాసేపు పట్టేది. పోసినవాళ్ళు ఖాళీ బిందె చంకనెత్తుకుని వెళ్ళిపోకుండా, తమ నీళ్ళు తొట్టిలో పడేదాకా గట్టు మీదే కూర్చునేవారు. ఒకరి పురుడూ, ఒకరి అత్తపోరూ, ఒకరి కొడుకు జ్వరమూ అక్కడే బయటపడేవి, అక్కడే కాస్త తేలికపడేవి. ఇవాళ ఇదే రాయపూర్‌లో నీళ్ళకు కొదవ లేదు, అవి తేటపడడానికి క్షణం పట్టదు. ఆ క్షణంలో పక్కింటావిడను బాగున్నావా అని అడిగే వ్యవధి కూడా ఉండదు.