బావ తట్టి చూసిన దూలం

మా బావ మొన్న ఆదివారం పోయాడు. పాల్మాకుల చుట్టుపక్కల పెంకుటిళ్ల కప్పుల మీద యాభై ఏళ్లు నడిచి, ఒక్కసారి కూడా జారని మనిషి దవాఖానలో మంచం మీద కళ్లు మూశాడు. ఆయన కొడుకు ఫోన్ చేస్తే, "మీ నాయిన నాతోని మజాక్ చేస్తున్నడు, ఫోన్ ఆయనకియ్యి" అన్నాను. అవతల వాడు ఏడ్చాడు. అప్పుడు నమ్మాను.

ఆయన నా భార్యకు సొంత అన్న. పెంకుల మేస్త్రి. ఏటా మిరుగం కార్తె వానలకు ముందు ఇంటింటికీ పెంకులన్నీ తీసి, దులిపి, పగిలినవి మార్చి మళ్లీ పరిచేవాడు. మా ఇంటికొస్తే చెప్పులు విడవకముందే తలెత్తి కప్పు చూసేవాడు.

"చెల్లెను చూడొచ్చినవా, కప్పును చూడొచ్చినవా?" అనేవాణ్ని.

"రెండూ నీ చేతుల్ల పడ్డయి కద బావా, చూసుకోవాలె."

మూడేళ్ల కింద నేనొక తెలివైన పని చేశాను. ప్లాట్లు అమ్మేవాళ్లు రోడ్డు పక్కన వదిలేసిన పెద్ద ఫ్లెక్సీ తెచ్చి వంటింటి పెంకుల కింద పరిపించాను. చుక్క కారలేదు. "ఇగ నువ్వు మా ఇల్లెక్కే పనిలేదు, మనవలకు పెంకుల కథలు చెప్పుకో" అని నలుగురిలో ఆటపట్టించాను. ఆయన నవ్వలేదు. "కట్టెకు గాలాడాలె బావా" అని వెళ్లిపోయాడు. ఆ తర్వాత నేను ఆయన్ని పిలవలేదు.

పోయిన ఎండాకాలం చివర గాలివాన కొట్టి వంటింటి మీద సగం పెంకులు ఎగిరిపోయాయి. అంతా తీసి రేకులేద్దామంటాడు నా కొడుకు. పెంకులు సర్దితే చాలంటాను నేను. ఈ పంచాయితీ తెగకముందే నా భార్య ఆ మిగిలిన కప్పు కింద పొయ్యి వెలిగించి కూర్చుంది. మోకాళ్ల నొప్పుల మనిషి, గబుక్కున లేవలేదు. పడమట మళ్లీ మబ్బు పడుతోంది.

కొడుకే వెళ్లి బావను తీసుకొచ్చాడు.

"చెల్లె, బయటికి రా."

"అన్నం ఉడుకుతున్నదన్నా. దించి వస్త."

"గిన్నె ఉండని. నువ్వు రా."

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఆమె గోడ పట్టుకుని లేచి వచ్చేదాకా ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు. తర్వాత నిచ్చెన వేసుకున్నాడు. మిగిలిన పెంకులు ఒక్కొక్కటే నా కొడుక్కి అందించి, ఫ్లెక్సీ కోశాడు. దాని మీద నవ్వుతున్న కుటుంబం, పక్కన 'మీ కలల ఇల్లు' అన్న అక్షరాలు. కింద వాసాలు నల్లబడి, వేలు పెడితే దిగిపోతున్నాయి. ఏదో ఒకటి అంటాడని కాచుకున్నాను. ఫ్లెక్సీని చుట్టి కింద పడేశాడు. అంటేనే బాగుండేది.

వాసాలు పోయినా మధ్య దూలం గట్టిగా ఉంటే ఇల్లు నిలిచినట్టే. ఆయన సుత్తి పిడితో దూలం పొడుగునా తట్టుకుంటూ పోయాడు. "పెంకు పగిలితే కనబడ్తది, కట్టె పుచ్చితే ఇనబడ్తది" అనేవాడు. కింద మేం చెవి పెట్టి విన్నాం. టక్. టక్. గోడ దగ్గరికొచ్చేసరికి చప్పుడు మెత్తబడింది. సరిగ్గా దాని కిందే పొయ్యి. జేబులోంచి పొడుగు మేకు తీసి బొటనవేలితో నొక్కాడు. తల దాకా దిగింది.

చెయ్యి దూలం మీదే ఉంచి కాసేపు కూర్చున్నాడు. మా పెళ్లయిన ఏడాది దాన్ని ఎక్కించింది ఆయనే.

"అతుకెయ్యరాదా బావా," అన్నాను.

"నువ్వొక్కనివే ఉంటే ఏస్తుంటి. కింద మా చెల్లె కూసుంటది."

"మరెట్ల?"

"మొత్తం దించాలె. రేకులెయ్యుండ్రి."

ఆయన నోట రేకుల మాట అదే మొదలు, అదే చివర. ఊళ్లో ఆయన చేతి పెంకుటిల్లు అప్పటికి మాదొక్కటే మిగిలి ఉండింది.

ఆ రోజు మబ్బు పక్కకు పోయింది. తెల్లారి తాళ్లు కట్టి దూలం దించుతుంటే గోడ దగ్గరి ముక్క విరిగి పొయ్యి మీద పడింది. పొయ్యి రెండు చెక్కలైంది.

ఫ్లెక్సీ సంగతి ఆయన ఎక్కడా చెప్పలేదు. అదే నేనైతే ఊరంతా తిరిగి చెప్పి నవ్వేవాణ్ని. అందుకే ఇప్పుడు నేనే చెబుతున్నాను.

ఆ మధ్యాహ్నం కప్పులేని వంటింట్లోనే నా భార్య మూడు రాళ్లు పెట్టి వండింది. నలుగురం నేల మీద కూర్చుని తిన్నాం. దగ్గరి ఎయిర్‌పోర్టులో దిగుతున్న విమానం నీడ మా కంచాల మీదుగా జారి గోడెక్కి పోయింది. దాని వెనకే ఎండ మళ్లీ పడింది. బావ కుడిచేత్తో పులుసన్నం కలుపుకుంటూనే, ఎడమచేత్తో చెల్లెలి కంచాన్ని మెల్లగా గోడ నీడలోకి జరిపాడు.