మునుం దాటిన ఫార్వర్డు

మా పీఈటీ సారుకు ఫుట్‌బాల్ వ్యూహాలన్నీ ఫోన్లోంచే వచ్చేవి. శింగనమల వైపు మా పల్లె బడి వెనక, గడ్డిపోచ మొలవని మైదానంలో పదకొండుమంది ఆడపిల్లల్ని కూర్చోబెట్టి, టవలు పరిచి, దాని మీద వేరుశనక్కాయలు పేర్చి చెప్పేవాడు. వెనక నలుగురు, మధ్యలో ముగ్గురు, ముందు ముగ్గురు. ముందున్నవాళ్లు ఒకరి చోటులోకి ఒకరు దూరుతూ అవతలివాళ్లను తికమక పెట్టాలట. పాఠం ముగిసేసరికి వెనకున్న నలుగుర్నీ మేం ఒలుచుకుని తినేసేవాళ్లం. గోల్‌కీపరు పుచ్చు కాయ కావడం వల్ల మిగిలేది.

ముందు ముగ్గురిలో ఎడమవైపు నేను, నడుమ మా పక్కింటి స్నేహితురాలు, కుడివైపు ఇంకొకతె. ఆదివారాలు ముగ్గురం శనగచేలో కలుపుకు పోయేవాళ్లం. అక్కడ మునుం పట్టడానికి ఒక కట్టుబాటు ఉంది. అందరూ ఒకే బారుగా, ఎవరి సాలు వాళ్లు పట్టుకుని జరగాలి. ఒకరు ముందుకు దూకితే రైతు మిగతావాళ్లనూ అదే వేగం అడుగుతాడు. అందుకే దూకినదాన్ని పెద్దమ్మలు అక్కడికక్కడే కడిగేసేవాళ్లు: "ఏం మే, నీకొక్కదానికేనా చేతులుండేది?" ఎవరైనా నీళ్లకు లేస్తే ఆమె సాలు ఖాళీగా వదలకుండా పక్కనున్నది అందుకోవాలి.

ఈ బుద్ధంతా మైదానంలోకి మోసుకొచ్చాం. బంతి వస్తే ముగ్గురం ఒకే గీత మీద, భుజం తేడా లేకుండా, మహా మర్యాదగా కదిలేవాళ్లం. మా మీద ఆఫ్‌సైడు విజిల్ ఎప్పుడూ మోగలేదని సారు గొప్పగా చెప్పుకునేవాడు. ఆఫ్‌సైడు కావాలన్నా ఎవరో ఒకరు ముందుకు పోవాలి కదా.

ఆ ఏడు గుత్తి జట్టుతో మా ఆట చూడటానికి జిల్లా సెలెక్టరు వస్తున్నాడని తెలిసింది. మా జట్టులో ఆయన మెచ్చిన ఒక్కరికి జిల్లా స్పోర్ట్స్ హాస్టల్లో సీటు. మూడు పూటలా తిండి, పచ్చగడ్డి మైదానం, కలుపు లేని ఆదివారాలు. ఆ సీటు నాకు కావాలి. నా స్నేహితురాలికీ కావాలని తెలుసు. తెలియనట్టే తిరిగాను.

ఆట మొదటి సగమంతా కలుపే తీశాం. విరామంలో సారు మండిపడ్డాడు.

"ఏమ్మే, ఆట ఆడతాండారా, కలుపు తీస్తాండారా? ఒకరన్నా ముందుకు పోండి."

"మునుంలో ఒకతే ముందుకు పోతే యాడన్నా బాగుంటాదా సార్?" అంది నా స్నేహితురాలు. వేళాకోళానికి కాదు, నిజంగానే అడిగింది.

చివర్లో నా కాలికి బంతి దొరికింది. ఎదురుగాలి, కళ్లనిండా దుమ్ము. మునుం ఏమైపోతే నాకేం అనుకుని, నా సాలు వదిలేసి అడ్డంగా నడుమకు దూరాను. నా చోటు ఖాళీ కావడం చూసి స్నేహితురాలు, చేలో అలవాటు కొద్దీ, గబగబా అక్కడికి ఉరికింది. నడుమ ఆమెకు కాపలా ఉన్న ఇద్దరూ ఆమె వెంటే పోయారు. నా ఎదుట గోల్‌కీపరు ఒక్కతే మిగిలింది. కొట్టాను. గోల్ పడింది, మేం గెలిచాం.

ఆట అయిపోగానే సెలెక్టరు నేరుగా మా వైపు వచ్చాడు. నేను జుట్టు సర్దుకున్నాను.

"ఆ నడుమ ఆడిన పాప యాడ?" అని నా స్నేహితురాల్ని పిలిపించాడు. "గోల్ ఎవరన్నా కొడతారు. ఖాళీ యాడుండాదో చూసి, బంతి లేకుండానే పోయినావు చూడు, అదీ ఆటంటే. ఎవరు నేర్పినారు పాపా?"

ఆమె నోరు తెరిచేలోపే సారు ముందుకొచ్చాడు. "నేనే సార్. టవలు మీద పేర్చి మరీ నేర్పించినా."

సారు ఒక్కడుగు ముందుకు వేయడం ఆ రోజే చూశాను.

నాకు ఏడుపొచ్చింది. ఆమె మీద కోపమూ వచ్చింది, దాచడం ఎందుకు. హాస్టలుకు బయల్దేరిన రోజు ఆమె నా చేయి పట్టుకుంటే విడిపించుకున్నాను.

ఆ ఆదివారం కలుపుకు పోతే నా పక్క సాలు ఖాళీగా ఉంది.

"ఏం మే, అట్లే చూస్తాండావు? అదీ నువ్వే పట్టుకో," అంది పెద్దమ్మ.

మైదానంలో ఆమె నా సాలు పట్టుకున్నది ఒక్క నిమిషం. నేను ఆమెది పొద్దుగూకేదాకా పట్టుకున్నాను.