బిల్హా నుంచి వచ్చిన తర్కం పాఠాలు

మా అమ్మ కనకమహాలక్ష్మి కాలేజీ గడప తొక్కకుండానే ఇంటర్ చదివింది. పందొమ్మిది వందల ముప్పైల్లో బిలాస్‌పూర్‌లో కాలేజీ అన్నది లేదు. విజయనగరంలో మెట్రిక్ గట్టెక్కిన నెలకే పెళ్ళయి, గూడ్సు గార్డు శంకరరావు భార్యగా ఈ ఊరొచ్చింది. రైల్వే వారి చిన్న బడిలో తెలుగు పిల్లలకు అక్షరాలు దిద్దించేది. ఆ బడిలోనే ఒక హిందీ పంతులమ్మ చెప్పిందట, ఆడవాళ్ళు ఇంట్లో చదువుకుని నాగపూర్ వెళ్ళి పరీక్ష రాయవచ్చని. అప్పటి నుంచి అమ్మకు అదే ధ్యాస.

పుస్తకాలు తెప్పించుకుంది. ఇంగ్లీషు, చరిత్ర తనే చదువుకుంది గాని, తర్కశాస్త్రం కొరుకుడు పడలేదు. నాన్నగారికి మా ఊరికి దగ్గర్లోని బిల్హా స్టేషనులో రమణమూర్తి గారనే అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుతో పరిచయం. ఆయన బి.ఏ. చదివి, పాఠాలు చెప్పాలని కలలు కని, తండ్రి పోవడంతో రైల్వేలో చేరినవాడు. ఎదురు బండికి దారివ్వడానికి గూడ్సు బిల్హాలో ఆగినప్పుడు నాన్నగారు ఈ మాట కదిపితే, "రాసినవి పంపించమనండి, నేను దిద్దుతాను" అన్నారట.

అలా మొదలైంది. అమ్మ రాసిన కాగితాలు నాన్నగారి గార్డు పెట్టెలో బిల్హాకు వెళ్ళేవి. తిరుగు డ్యూటీలో పాఠాలై వచ్చేవి. రైల్వే పాత ఫారాల వెనక, తడి తగిలితే ఊదారంగుకు తిరిగే పెన్సిలుతో, ముత్యాల్లాంటి అక్షరాలు. ఆ కాగితాలకు బొగ్గు వాసన ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు దయాల్‌బంద్ పేటలోని మా వంటింటి గట్టు మీద మోచేతులు ఆన్చి చదువుకునే అమ్మ గుర్తుకొస్తుంది.

మా నాయనమ్మ అచ్చియమ్మకు ఇది నచ్చలేదు. పరాయి మగాడు కోడలికి కాగితాలు రాయడమేమిటని మూడు రోజులు అన్నం మానేసింది. నాలుగో రోజు నాన్నగారిని కూర్చోబెట్టింది.

"ఒరే శంకరం, ఆ కాయితంలో ఏటుందో ఉన్నదున్నట్టు సదువు. నాను ఇంటాను."

నాన్నగారు ఇంగ్లీషు చూస్తూ తెలుగులో చెప్పారు. "మనుషులందరూ పోయేవాళ్ళే. సోక్రటీసు మనిషి. కాబట్టి సోక్రటీసూ పోతాడు."

నాయనమ్మ ముఖం మారిపోయింది. "అయ్యో బావూ! ఎవులురా ఆయన? ఏటి జబ్బు?"

"జబ్బు కాదమ్మా. ఎప్పుడో రెండువేల ఏళ్ళ కిందటే పోయాడు."

"మరింకా ఆ సచ్చినోడి ఊసెందుకురా? మనుసులందరూ పోతారని తెలీడానికి సదువు కావాలా? మనూరి కాటికాపరిని అడిగినా సెప్తాడు కదా!"

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి పరిగెత్తింది. నాయనమ్మ మళ్ళీ ఆ కాగితాలకు అడ్డు చెప్పలేదు. నాన్నగారు ఇంటికి రాగానే, "మాస్టారి కాయితాలొచ్చాయేటి?" అని ముందుగా అడిగేది ఆవిడే.

రెండేళ్ళు చదివి అమ్మ నాగపూర్ వెళ్ళి పరీక్ష రాసింది. తర్కంలోనే తప్పింది. ఎప్పటిలాగే వంట చేసింది, బడికి వెళ్ళింది. పుస్తకాలు మాత్రం ట్రంకు పెట్టెలో పడేసింది. రమణమూర్తి గారు, "తప్పింది మీరు కాదు, చెప్పిన నేను" అని రాసినా జవాబివ్వలేదు.

అప్పుడాయన పాఠాలు మాని, ప్రతి డ్యూటీకీ ఒక్కొక్క ప్రశ్న పంపసాగారు. అమ్మ చూసి పక్కన పెట్టేసేది. పదో పదకొండో అయ్యాక ఒక కాగితం వచ్చింది. "ఒకసారి తప్పినవారందరూ మళ్ళీ తప్పుతారు. ఈ మాట నిజమని రుజువు చేయండి."

అమ్మ ముఖం ఎర్రబడింది. పొయ్యి మీద పులుసు పొంగుతున్నా చూడలేదు. ఆ మాట ఎందుకు అబద్ధమో, ఎక్కడెక్కడ అబద్ధమో రెండు కాగితాల నిండా రాసి నాన్నగారి ముందు పెట్టింది. "ఇది ఇచ్చేయండి మీ మాస్టారికి!" అంది. నాన్నగారు నవ్వుకుంటూ గార్డు పెట్టెలో పెట్టుకున్నారు. మర్నాడు ట్రంకు పెట్టె తెరుచుకుంది.

రెండోసారి పరీక్షకు వెళ్ళేటప్పుడు నన్నూ వెంట తీసుకెళ్ళారు. పాసింజరు బిల్హాలో ఆగింది. పచ్చజెండా చంకన పెట్టుకుని, సన్నగా నల్లగా ఉన్న ఒకాయన మా కిటికీ దగ్గరకొచ్చారు. అమ్మ ఆయన్ని నెరిసిన మీసాల పెద్దమనిషిగా ఊహించుకుందట. ఆయనకు ముప్పై అయిదు కూడా ఉండవు.

"నమస్కారం మాస్టారూ," అని అమ్మ లేచి నిలబడింది.

"కూర్చోండమ్మా. మీరు కోపంగా రాసిన ఆ రెండు కాగితాలూ దిద్దలేదండి నేను. దిద్దడానికి ఏమీ లేదు. పరీక్షలోనూ అలాగే రాయండి."

అమ్మ ఏదో అనబోయింది. ఆయన అప్పటికే గార్డు వైపు జెండా ఊపుతున్నారు. వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది ఆ రెండు నిమిషాలే. ఆ ఏడు అమ్మ పాసయింది. మరుసటి ఏడు ఆయనకు చక్రధర్‌పూర్ వైపు బదిలీ అయింది. ఉత్తరాలు కొన్నేళ్ళు నడిచి, యుద్ధం రోజుల్లో ఆగిపోయాయి.

ఆ తరువాత అమ్మ తనే చెప్పడం మొదలుపెట్టింది. లైను పొడుగునా చిన్న చిన్న స్టేషన్లలో ఉన్న మన తెలుగు ఆడవాళ్ళు ఎనిమిదిమంది, గార్డుల చేత కాగితాలు పంపించేవారు. వాళ్ళలో ముగ్గురు మెట్రిక్ గట్టెక్కారు. అమ్మ కూడా దిద్దేటప్పుడు నాన్నగారికి డ్యూటీలో ఇచ్చే ఆ ఊదారంగు పెన్సిలే వాడేది.

నలభై అయిదు నాటికి మా ఊళ్ళోనే కాలేజీ వచ్చింది. నేను చేరాను. ఒక సెలవునాడు అమ్మ చూస్తానంటే తీసుకెళ్ళాను. ఖాళీ గదిలో మూడో వరసలో కూర్చుని, చాలాసేపు నల్లబల్ల వైపు చూసింది.

"ఇక్కడైతే అడిగిన వెంటనే చెప్పేస్తారు కాబోలు," అంది.

"అవునమ్మా."

"అచ్ఛా," అని లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "బాగుందే. మాకు మాత్రం గూడ్సు తిరిగొచ్చేదాకా నాలుగు రోజులు ఆలోచించుకోవాల్సి వచ్చేది."