కారు మీద పాత గీత

ఈ రోజు కుప్పం నుంచి పుంగనూరుకు సొంత కారులో వచ్చాను. సొంతమంటే, మా ఆఫీసు పథకం కింద తీసుకున్న సెకండ్ హ్యాండ్ కరెంటు కారు. కంతు నెలనెలా జీతంలోనే పట్టుకుంటారు.

ఇంటి ముందు ఆపితే చప్పుడు లేక నాన్న బయటికే రాలేదు. హారన్ కొట్టాల్సి వచ్చింది. కారు చూసి సంతోషపడ్డాడు కానీ, జీతం సంగతి చెప్పగానే మొహం మారిపోయింది.

"ఏం చెడగొట్టినావమ్మా? యాల పట్టుకుంటాండారు?"

నాన్న చాలా ఏళ్లు మదనపల్లె మార్కెట్లో లారీలకు టమాటా క్రేట్లు ఎత్తాడు. క్రేటు జారి పడితే ఆ సాయంత్రం కూలిలో పట్టుకునేవాళ్లు. ఆయనకు తెలిసిన కోత అదొక్కటే. ఇది తప్పుకు కాదని, పట్టుకోమని నేనే రాసిచ్చానని చెప్పాను.

"నువ్వే రాసిచ్చినావా?" అన్నాడు.

తర్వాత కారు చుట్టూ నెమ్మదిగా తిరిగి, వెనక డోరు మీద పాత ఓనరు నాటి గీత దగ్గర ఆగాడు.

"ఇది ముందే ఉండిందని ఆఫీసులో సెప్పి పెట్టమ్మా. లేదంటే దీనికీ పట్టుకుంటారు."

నవ్వొచ్చింది, ఆపుకున్నాను. ఆయన ఎదురుగానే ఫోటో తీసి ఆఫీసుకు పంపాను. అప్పుడు గానీ కారెక్కలేదు. పలమనేరు దాకా తిప్పుకొచ్చాను. వెళ్లి వచ్చేదాకా సీటు అంచున, దేనికీ తగలకుండా చేతులు ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాడు.

ఇలాంటి నాన్నను వెనక్కి ఆనుకుని కూర్చోబెట్టినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, ఎలాగో చెప్పండి.