దీవి దాటని వెండి

ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో మా పక్కింటి ఆంటీకి తెలుగు రాదంటే రాదు, వచ్చంటే వచ్చు. తెల్లదొరలు ఆఫ్రికా పక్కనున్న చెరకు దీవికి కూలికి తోలుకుపోయిన మనవాళ్ళ సంతతి. మాట్లాడేది ఇంగ్లీషే. రామ భజనలు మాత్రం ఒక్క ముక్క పొల్లుపోకుండా పాడుతుంది. అవి కాక వాళ్ళింట్లో తరాలుగా నిలిచిన తెలుగు మాట ఇంకొక్కటే. రాతిగుండె.

అది ఒక మనిషికి పెట్టిన పేరు. ఎన్ని తరాల కిందటి అవ్వో! కోరంగి రేవులో ఓడెక్కుతూ, అప్పుడే నడక వచ్చిన కూతుర్ని చెల్లెలి దగ్గర వదిలేసిందట. "తిరుగు ఓడకని వెండి దాచుకుంది. అన్నీ ఉండీ వెళ్ళలేదు," అని చెప్పి, చివర ఆ మాట తెలుగులో అనేది ఆంటీ. ఆ అవ్వ దాచినవాటిలో ఒక్క నాణెం మిగిలింది. పెద్దలకి పెట్టుకునే రోజున వాళ్ళింట్లో పోయినవాళ్ళందరికీ ఆకు వేస్తారు, ఈవిడకి తప్ప.

మాది కాకినాడ. కోరంగి మాకు దగ్గరే. నేను సెలవుకి వెళ్తున్నానని తెలిసి ఆంటీ ఆ నాణెం నా చేతిలో పెట్టింది.

"అక్కడి నీళ్ళలో పారెయ్. నా ఇంట్లో వద్దు."

నాకు ఒళ్ళు మండింది. ఎప్పుడో పోయినావిడ మీద ఇంకా ఏం కోపమమ్మా! పెద్దావిడ కదా అని నాణెం బ్యాగులో పడేసుకున్నాను.

ఆ ఆదివారం ఇద్దరం కూరలకి సంతకి వెళ్ళాం. పాత నాణేలమ్మే ముసలాయన కనిపిస్తే, నేను ఊరుకోవచ్చుగా, బ్యాగులోంచి తీసి చూపించాను. ఎవరో పరాయి రాజు బొమ్మ, ఆయన చెంప మీద చిన్న ముద్ర. నేనది సొట్ట అనుకున్నాను.

ఆయన భూతద్దం పెట్టి చూశాడు. అది దీవి సర్కారు ముద్రట. వెండి దీవి దాటిపోకుండా కొట్టేవారట. "మన సిడ్నీలో అయితే ఏకంగా నడిమికి బెజ్జమే పెట్టారు," అని నవ్వాడు. దీవిలో కూలీకీ కొట్టుకీ చెల్లుతుంది. బయటివాడెవడూ ఆ విలువకి తీసుకోడు.

"ఓడవాళ్ళో?" అంది ఆంటీ.

"వాళ్ళసలే తీసుకోరు."

ఆంటీ లక్సా అనే నూడుల్స్ పులుసు అమ్మే చోట బల్ల మీద కూలబడిపోయింది. "దాచుకుంటూనే ఉందన్నమాట పాపం. తీరా వెళ్తే తీసుకోలేదన్నమాట," అని అదే మాట ఇంగ్లీషులో మళ్ళీ మళ్ళీ అంది. నాణెం తీసి మళ్ళీ ఆవిడ చేతిలోనే పెట్టాను.

పెద్దల అమావాస్యకి నన్ను పిలిచింది. పెరట్లో కోసిన అరిటాకు ఒకటి ఈసారి ఎక్కువ వేసింది, పక్కన ఆ నాణెం. అన్నం, పప్పు, గుమ్మడికాయ కూర వడ్డించి ముద్ద చేతిలోకి తీసుకుంది. పేరు చెప్పి పెట్టాలి. దీవిలో ఉన్న అన్నదమ్ములందరికీ ఫోన్ చేసి అడిగిందట, ఎవరికీ తెలీదు. నావైపు చూసింది. నాకు మాత్రం ఏం తెలుసు!

కళ్ళు మూసుకుని నోరు తెరిచింది. చిన్నప్పటి నుంచీ అలవాటైన నోరు, ఆ మాటే వచ్చేసింది.

"రాతిగుండె..."

చటుక్కున నోరు నొక్కుకుని, ముద్ద చేతిలో ఉండగానే భోరుమంది.