గంగాలమ్మ కుట్టిన మెత్త

మా జాలారిపేటలో బిడ్డ పుడితే కబురు ముందు గంగాలమ్మకి వెళ్ళేది, ఆ తర్వాతే తండ్రికి. తండ్రి ఎలాగూ సముద్రం మీద ఉంటాడు కాబట్టి ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. ఆవిడ రెండు కాళ్ళూ చాపుకుని కూర్చుని, పసిబిడ్డని కాళ్ళ మీద వేసుకుని, నూనె పట్టించి, నలుగు పెట్టి, గోరువెచ్చని నీళ్ళు పోసేది. పోసినంతసేపూ తల ఒత్తుతూనే ఉండేది. మా ఇద్దరు పిల్లలకీ ఆవిడే పోసింది. పుట్టినప్పుడు మా పెద్దాడి తల దోసకాయలా ఉంటే, "దీనికేటి, నెల తిరిగేసరికి బంతిలా సేసి ఇత్తాను" అంది. అన్నట్టే గుండ్రంగా వచ్చింది. దానంతట అదే వచ్చేదేమో నాకు తెలియదు గానీ, ఆవిడ ముందు ఆ మాట అనే ధైర్యం పేటలో ఎవరికీ లేదు.

అలాంటి గంగాలమ్మ సొంత మనవరాలి తలే సరిగ్గా రాలేదు.

ఆ పిల్ల పేరు రాధ. రెండువేల ఐదు అక్టోబరులో పుట్టింది. గంగాలమ్మ కొడుకు వాసు మరబోటు మీద వేటకి పోయేవాడు. కోడలు నూకాలు తెల్లారకముందే హార్బరుకి వెళ్ళి, వేలంలో చేపలు పట్టుకుని, గంప నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది. పిల్ల నాయనమ్మ దగ్గరే ఉండేది. రాధ ఎప్పుడూ తల కుడివైపుకే తిప్పుకుని పడుకునేది. ఎడమకి తిప్పితే ఏడుపు. దానికి అటే ఇష్టం కాబోలనుకున్నారు. మూడో నెలలో తల వెనక, కుడిపక్క, చదునుగా తగిలింది గంగాలమ్మ చేతికి. ఒత్తింది. ఆవాల దిండు కుట్టి తల కింద పెట్టింది. ఇంకా ఒత్తింది. ఆరో నెల వచ్చేసరికి కుడి చెవి ముందుకి జరిగినట్టు చూసినవాళ్ళందరికీ తెలిసిపోయేది.

టీకాలేసే నర్సు గట్టిగా చెప్పడంతో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మెడ ఒకపక్క బిగుసుకుపోయిందనీ, అందుకే ఒకవైపే పడుకుని తల అణిగిందనీ పిల్లల డాక్టరు చెప్పింది. మెదడుకి భయం లేదంది. మెడకి చేయించాల్సిన వ్యాయామాలు చూపించింది. ఒత్తడం మానేయమంది. తలకి హెల్మెట్ లాంటిది పెట్టించాలనీ, అదీ ఏడాది నిండేలోపే పని చేస్తుందనీ, తర్వాత ఎముక గట్టిపడిపోతుందనీ అంది. ఇన్ని మాటల్లో నూకాలు చెవిలో మిగిలింది ఒక్కటే: ఏడాది నిండేలోపు.

పెందుర్తి దగ్గర ఒక రేకుల షెడ్డులో జ్ఞానశేఖర్ అని ఒకాయన కాళ్ళు పోయినవాళ్ళకి ప్లాస్టిక్ కాళ్ళు చేసేవాడు. డాక్టరు ఆయన దగ్గరికే పంపింది. పసిపిల్లలకి హెల్మెట్లు తను చేసింది తక్కువేనని ఆయన దాచకుండా చెప్పాడు. వేట నిషేధం రోజులు కావడంతో వాసు కూడా వెళ్ళాడు. తలకి పిండికట్టు చుట్టి అచ్చు తీస్తుంటే రాధ గుక్కపట్టి ఏడ్చింది. చూడలేక నూకాలు బయటికెళ్ళి నిలబడింది.

హెల్మెట్ తయారయ్యాక ఆయన జాగ్రత్తలన్నీ చెప్పాడు. స్నానానికి తప్ప తియ్యకూడదు. చెమట పడితే తుడిచి మళ్ళీ పెట్టాలి. ఎక్కడైనా కమిలితే తీసుకురావాలి. ఒక్కటి మాత్రం అడగలేదు, పుట్టెంట్రుకల మొక్కు ఉందా అని. ఆయన చర్చికి వెళ్ళే మనిషి. వాళ్ళ ఇళ్ళల్లో ఆ మొక్కు లేదు, ఆయనకి తట్టలేదు. రాధకేమో చేతినిండా పట్టేంత జుట్టు.

విశాఖపట్నంలో మే నెల ఎండకి పెద్దవాళ్ళకే తల మీద గుడ్డ నిలవదు. ఆ పిల్ల నెత్తిన డిప్పలాంటి ప్లాస్టిక్. "దీనికి బండెప్పుడు కొంతన్నావు బావా?" అని వాసుని కుర్రాళ్ళు ఆటపట్టించేవారు. వాసు నవ్వేసేవాడు. నూకాలు నవ్వేది కాదు. మా అరుగు మీద గంప దించి, కత్తిపీట మీద చేప పొలుసు తీస్తూ రోజూ అదే అడిగేది. "అమ్మా, పిల్ల తలకి గాలాడతాదంటారా?" ఆడుతుందే అనేదాన్ని. "తెరిసి సూత్తే ఎర్రగా ఉంటంది. లోపల ఏటవుతందో ఎవలికి తెలుసు?" అనేది. నాకేం తెలుసు, నాకూ భయంగానే ఉండేది.

జూన్ చివర్లో కొలత చూసి జ్ఞానశేఖర్ బాగా వస్తోందన్నాడు. నూకాలు ఆ రోజు నాకు డబ్బులు తీసుకోకుండా కానాగంత చేపలు ఇచ్చింది.

జులైలో రాధకి తొమ్మిదో నెల. పుట్టెంట్రుకలు బేసి నెలలో, ఏడాదిలోపు ఇచ్చెయ్యాలి. కాన్పు కష్టమైనప్పుడు సింహాద్రి అప్పన్నకి గంగాలమ్మ మొక్కిన మొక్కు అది. కొండకి వెళ్ళి పిల్లకి గుండు చేయించి, పసుపు రాసి, మళ్ళీ హెల్మెట్ పెట్టారు. జుట్టు మీద అచ్చు తీసిన హెల్మెట్ గుండు మీద ఎలా నిలుస్తుంది? లొటలొటలాడింది. పక్కకి తిరిగిపోయి చెవి దగ్గర ఒరుసుకుంది. చర్మం కమిలింది.

వాసు బోటు మీద ఉన్నాడు. నూకాలు చేపలకి వెళ్ళింది. స్నానం చేయించేటప్పుడు గంగాలమ్మ ఆ హెల్మెట్ లోపలంతా తడిమి చూసింది. కుడిపక్క వెనకాల వేలు దూరేంత ఖాళీ తగిలింది. ఊగడానికి కారణం అదేననుకుంది. పాత నేతచీర ముక్క మడతలు పెట్టి, వల కుట్టే దారంతో ఆ ఖాళీలో ఒక మెత్త కుట్టేసింది. హెల్మెట్ ఊగడం మానేసింది. చెవి దగ్గర ఎరుపు తగ్గింది. ఇది ఎవరికైనా చెప్పాల్సినంత విషయమని ఆవిడకి అనిపించలేదు.

మళ్ళీ కొలత ఆగస్టు చివర్లో. ముగ్గురూ వెళ్ళారు, అత్తా కోడలూ పిల్లా. అక్కడ జరిగింది నూకాలే నాకు చెప్పింది. జ్ఞానశేఖర్ ఒకసారి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. పాత కాగితం తీసి చూశాడు.

"ఏమీ మారలేదమ్మా. జూన్‌లో ఎక్కడుందో అక్కడే ఉంది" అని హెల్మెట్ తిరగేసి చూశాడు. మెత్త కనిపించింది. ఆ ముడి ఎవరి చేతిదో నూకాలు చూడగానే పోల్చుకుంది.

"నానే కుట్టినాను బాబూ" అంది గంగాలమ్మ. "గుండు సేయించాక లొటలొటలాడతంది. పిల్ల సెవి కమిలిపోతంది. మెత్తగుంటాదని ఎట్టినాను."

"ఆ ఖాళీ నేను కావాలనే వదిలానమ్మా. అణిగిన తల పెరిగి వచ్చేది ఆ ఖాళీలోకే. మీరు దాన్ని మూసేశారు" అన్నాడాయన. "నేనూ విడమరిచి చెప్పలేదు. చెప్పాల్సింది" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నూకాలు పిల్లని తీసుకుని వేరే సీట్లో కూర్చుందట. తిట్టినా బాగుండేది. మర్నాటి నుంచి హార్బరు మానేసి పిల్లకి తనే నీళ్ళు పోసింది. అత్తగారు దగ్గరికొస్తే పిల్లని ఎత్తుకుని అవతలికి వెళ్ళిపోయేది. గంగాలమ్మ గుమ్మంలో కూర్చుని చూసేది. పేటలో రెండు కాన్పులయ్యాయి. కబురొస్తే, "నా సేతులు మంచియి కావు, ఇంకెవలినైనా పిలుసుకోండి" అని పంపించేసింది. నాకు నూకాలు మీద కోపం వచ్చింది. ముసలామె ప్రేమకొద్దీ చేసిందానికి ఇంత శిక్షా అని. కానీ ఆ తల నా పిల్లదైతే నేను మాత్రం ఏం చేసేదాన్ని?

జ్ఞానశేఖర్ ప్లాస్టిక్‌ని వేడి చేసి గుండుకి సరిపడా బిగించి ఇచ్చాడు. ఆ తర్వాత ఒక్కో రోజూ నూకాలుకి గండమే. జలుబు చేస్తే భయం, పిల్ల హెల్మెట్ పీక్కుంటే భయం, ఇక సమయం లేదన్నదే అన్నిటికన్నా పెద్ద భయం. తల కొంచెం కొంచెంగా వచ్చింది. పుట్టినరోజుకి ముందురోజు ఆఖరి కొలత చూసి ఆయన ఇక హెల్మెట్ వద్దన్నాడు.

"కాసంత మిగిలిపోయింది. జుట్టొస్తే కనపడదు" అన్నాడు.

"ఆ నెలన్నర పాడవకపోతే మొత్తం వచ్చేదా బాబూ?" అని అడిగింది నూకాలు. గంగాలమ్మ బయట బల్ల మీద కూర్చుని ఉంది, ఆవిడకి అంతా వినపడుతుంది.

"చెప్పలేనమ్మా" అన్నాడాయన.

పుట్టినరోజు పొద్దున నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి పెరట్లో వేణ్ణీళ్ళు చన్నీళ్ళు కలిపి తొరిపి ఉన్నాయి. నూకాలు పిల్ల బట్టలు విప్పి, తీసుకొచ్చి గంగాలమ్మ కాళ్ళ మీద పెట్టింది.

"నానొద్దు. నువ్వే పొయ్యి" అంది గంగాలమ్మ.

"నీల్లు సల్లారిపోతన్నాయత్తా."

గంగాలమ్మ చెంబు ముంచింది. ఒంటి మీద పోసింది, కాళ్ళ మీద పోసింది. తల జోలికి పోలేదు. నూకాలు పక్కన కూర్చుని, అత్తగారి తడి చెయ్యి పట్టుకుని, తీసుకెళ్ళి రాధ తల వెనక కుడిపక్కన ఆనించింది.

ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది చాలాసేపు.

"ఇంకా ఉందే అమ్మీ" అంది గంగాలమ్మ.

"ఉంది. ఉండనీ" అంది నూకాలు. "ఒత్తకు, అంతే."

గంగాలమ్మ ఒత్తలేదు. చెయ్యీ తియ్యలేదు. ఆ తలని అలాగే అరచేతిలో పట్టుకుని, రెండో చేత్తో మెల్లగా నీళ్ళు పోసింది.