పెడళ్ళు లేని రేసు బండి

పోయిన వారం ఎండకు తాళలేక నారాయణగూడలో కొత్తగా పెట్టిన ఒక కాఫీ దుకాణంలోకి దూరాను. లోపల నడుం ఎత్తు గద్దె మీద, చుట్టూ లైట్ల మధ్య, ఆ బండి నిలబడి ఉంది. ఎర్రరంగు పొడుగాటి ట్యాంకు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంచిన హ్యాండిలు, మీగడ రంగు టైర్లు, నడుమ వెండిరంగు పూసిన ఇంజను. వందేళ్ళనాటి రేసింగ్ మోటారు సైకిలని పక్కన బోర్డు. దాని ముందు ఇద్దరు కుర్రాళ్ళు పెదాలు బిగించి ఫోటోలు దిగుతున్నారు. కౌంటర్లో ఉన్నతన్ని, "ఇది నడుస్తదా బాబూ?" అని అడిగాను. "నడవదంకుల్, వింటేజ్ కదా," అన్నాడు. "ఎన్నడన్న నడిచిందా?" అంటే, "రేసులల్ల గెలిచిందట," అన్నాడు. కాఫీ సగంలో వదిలేసి బయటికొచ్చాను. ఆ బండి ఏ రేసులోనూ లేదు. చిక్కడపల్లి నుంచి కాచిగూడ ఆఫీసుకు, ఆఫీసు నుంచి ఇంటికి, వెనకాల టిఫిన్ డబ్బాతో బతుకంతా తిరిగిన మా మామ సైకిలు అది. దాన్ని ఆ గతి పట్టించినవాడు మా సడ్డకుడు, అంటే నా భార్య చెల్లెలి మొగుడు. ఇతర జిల్లాలవాళ్ళు తోడల్లుడంటారు. ఏ పేరుతో పిలిచినా మనిషి మారడు.

మా మామ గుమాస్తా. ఆ సైకిలు సీమ సరుకు, ఇంగ్లండు నుంచి దిగింది. స్ప్రింగుల తోలు సీటు, ఇనుప కడ్డీల బ్రేకులు, చక్రానికి రాసుకుంటూ వెలిగే దీపం. పొద్దున లేవగానే తన ముఖం కడుక్కోక ముందే దాన్ని పాత ధోవతి ముక్కతో తుడిచేవాడు. దసరా నాడు దానికి పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి, కొబ్బరికాయ కొట్టాకే ఇంట్లో ఎవరికైనా అన్నం. ఇంకొకరు దాన్ని ముట్టుకోవడం నిషిద్ధం. కానీ ఆదివారం మధ్యాహ్నం ఆయన గురక మొదలవగానే ఇద్దరు కూతుళ్ళూ చప్పుడు కాకుండా దాన్ని గల్లీలోకి తోసుకెళ్ళేవాళ్ళు. సీటు అందేది కాదు. అందుకని ఫ్రేము నడుమ ఉండే ముక్కోణపు సందులోంచి ఒక కాలు అవతలి పెడలు మీదికి దూర్చి, ఒళ్ళు వంకర పెట్టి నిలబడే తొక్కడం. దాన్ని కైంచీ అనేవాళ్ళం. ఒకరు తొక్కితే ఇంకొకరు క్యారియరు పట్టుకుని వెనక పరుగెత్తాలి. తీరా సీటు అందే ఎత్తుకు ఎదిగేసరికి, ఆడపిల్లలు సైకిలెక్కి గల్లీలు తిరుగుడేందని మామ దానికి తాళం వేశాడు. అలా నా భార్య చిన్నతనమంతా ఆ సైకిలు తొక్కింది కానీ దాని సీటు మీద ఒక్కసారీ కూర్చోలేదు.

నాకూ ఆ సైకిలుకూ ఉన్న తగాదా వేరు. మా పెళ్ళిలో అల్లుడు అలిగే వేళ వచ్చింది. అలగకపోతే అల్లుడికేం మర్యాదని స్నేహితులు ఎగేశారు. నేను అలిగి సైకిలడిగాను. మామ నా పక్కన కూర్చుని, "వాచీ అడుగు, రేడియో అడుగు, ఇస్త. గది మాత్రం అడగకు బిడ్డా," అన్నాడు. విస్తళ్ళు వేసి అంతా ఎదురుచూస్తున్నారు, పప్పు చల్లారుతోందని మా పెద్దనాన్న కళ్ళెర్రజేశాడు. వాచీతో సరిపెట్టుకున్నాను. కొన్నేళ్ళకు మా సడ్డకుడు వచ్చాడు. వాడు అలగలేదు. పెళ్ళి మర్నాడే సైకిలు పక్కన గొంతు కూర్చుని, చైనుకు నూనె పెడుతూ, ఇలాంటి సరుకు ఇప్పుడు దొరకదని మామ చెవిలో ఊదాడు. మామ మోకాళ్ళు మొరాయించిన నాడు, నా కళ్ళెదుటే, సైకిలు నడిపించుకెళ్ళి హ్యాండిలు వాడి చేతిలో పెట్టాడు. అప్పటినుంచి మా ఇద్దరి మధ్య మాటలు పెళ్ళిళ్ళలో, దినాల్లో "బాగున్నరా", "బాగున్నం" అన్నంత వరకే. మేముండే చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్‌లో వాడి అపార్ట్‌మెంటుకు నడిచిపోవచ్చు. నేను పోను. వాడంటే నాకు పడదు, ఇందులో దాచడానికేం లేదు. తన జోకుకు తనే ముందు నవ్వుతాడు. మనింట్లో ఫ్యాను ఎలా తిరుగుతుందో మనకే చెబుతాడు.

రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం నా భార్య బియ్యం ఏరుతూ ఏరుతూ, "నాయిన సైకిల్ సీటు మీద కూసొని ఒక్కపారి తొక్కాలని ఉంది. మోకాళ్ళు ఇంకెన్ని దినాలు మాటింటయో," అంది. కొత్త సైకిలు కొనిపెడతానన్నాను. నా వైపు ఒక చూపు చూసి మళ్ళీ బియ్యంలో పడింది. ఆ చూపుకు చెప్పులేసుకుని అశోక్‌నగర్ పోయాను. రిటైరయ్యాక వాడికి అపార్ట్‌మెంటు సెల్లారే లోకం. ఓ మూల రంపాలు, రంగు డబ్బాలు పరుచుకుని కూర్చున్నాడు. నా భార్య కోరిక చెప్పి సైకిలడిగాను. "వదిన అడిగినంక కాదంటనా అన్నా? జర టైం ఇయ్యి. దసర నాటికి అసొంటి బండి చేసి పెడ్త, వదిన జిందగీల మర్వదు," అన్నాడు. అదేం వద్దు, ఉన్నది ఉన్నట్టే కావాలి, గాలి కొట్టించి బ్రేకులు చూస్తే చాలన్నాను. "గాలి కొట్టించుడు గూడ ఒక పనేనా అన్నా," అని నవ్వాడు. ముందు వాడే నవ్వాడు.

అప్పటినుంచి కుటుంబం వాట్సాప్ గ్రూపులో ముసుగేసిన సైకిలు ఫోటోలు మొదలయ్యాయి. కింద "త్వరలో" అని ఒక ముక్క. చుట్టాలంతా బొటనవేళ్ళు పంపేవాళ్ళు. నా బొటనవేలు కదల్లేదు. నా భార్య మాత్రం సుల్తాన్ బజార్ పోయి తెల్ల కాన్వాసు బూట్లు కొనుక్కొచ్చింది. చెప్పులైతే పెడలు మీద జారతాయట. ఇంట్లో ఎవరూ లేనప్పుడు అవి తొడుక్కుని, పీట మీదుగా కాలు అటూ ఇటూ వేసి చూసుకునేది. నేనొకసారి తలుపు తీసి చూసి, చూడనట్టే వెనక్కి తిరిగాను.

దసరా నాడు చుట్టాలందర్నీ సెల్లారులో నిలబెట్టి వాడు ముసుగు లాగాడు. అక్కడ ఉన్నదే ఇప్పుడు కాఫీ దుకాణంలో ఉన్నది. "ఒకప్పుడు అమెరికాల చెక్క ట్రాకుల మీద గిసొంటి బండ్లే రేసులు కొడుతుండె. ఫ్రేం మొత్తం మామదే. ఇంజన్ ఒక్కటే ఉత్తది, కట్టెకు పాత పంపు డొక్కులు బిగించిన. అసలు దాని లెక్క లేదా?" అన్నాడు. అందరూ ఆహా అన్నారు. కొత్త బూట్లతో నా భార్య ముందుకెళ్ళి, ఫ్రేము నడుమ చెయ్యి పెట్టింది. ఒకప్పుడు ఇద్దరు పిల్లల కాళ్ళు దూరిన సందు అది. ఇప్పుడు వేలు కూడా పట్టకుండా రంగేసిన కట్టె కూరేసి ఉంది. "పెడల్స్ ఏవి?" అంది. "రేసు బండికి పెడల్స్ ఏంది వదినా." "మరెట్ల పోతది?" "పోవుడెందుకు, చూసుడుకే గద." ఆమె చెల్లెలి వైపు తిరిగి, "నీకు తెల్వదా?" అంది. "మంచిగ చేస్తున్న అన్నడక్కా. గుడ్డ తీసి చూడనియ్యలే," అంది మా మరదలు.

నిజం చెప్పాలంటే మొదట నాకు సంతోషమే కలిగింది. ఇన్నాళ్ళకు వీడి బుద్ధి నలుగురికీ తెలిసిందనుకున్నాను. తొక్కడానికి సైకిలూ కాదు, నడపడానికి మోటారూ కాదు, రెంటికీ చెడ్డ రేవడి. నా భార్య బూట్ల మీద చూపు పడేదాకా ఆ సంతోషం నిలిచింది. ఆ తర్వాత వాడి మెడ పట్టుకోవాలనిపించింది.

వాడికి మాత్రం ఏమీ ఎక్కలేదు. పళ్ళెం చేతికిచ్చి, "పెద్దబిడ్డ మీరు, బండికి మీరే బొట్టు పెట్టాలె," అన్నాడు. ఆమె పళ్ళెం తీసుకుని, తీసేసిన సామాను ఎక్కడుందని అడిగింది. పాత ఇనుము కొనేవాడి కోసం మూలన గోనెసంచిలో కట్టిపెట్టాడు. మడ్గార్డులు, చైను, క్యారియరు బయటికి లాగాక అడుగున పెడళ్ళు దొరికాయి. నల్లా కింద కడిగి, నేల మీద పేపరు పరిచి, వాటికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, పువ్వు పెట్టింది. బండి వైపు చూడనే లేదు. అప్పుడు మా మరదలు మొగుడితో ఒక్క మాటా అనకుండా వెళ్ళి, బండి చక్రాల కింది నిమ్మకాయలు తీసుకొచ్చి పెడళ్ళ ముందు పెట్టింది. స్తంభానికి ఆనించిన ఆ బండికి బ్రేకులూ లేవు, స్టాండూ లేదు, ఉన్న అడ్డమల్లా ఆ నిమ్మకాయలే. బండి సెల్లారు వాలులోకి కదిలింది. వాడు రెండు చేతులా దాన్ని పట్టుకున్నాడు. కొబ్బరికాయ కొట్టి, హారతి తిప్పి, అందరూ కళ్ళకద్దుకునేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాడు. వాడికి హారతి అందలేదు. ఎవరూ అందించలేదు.

ఆ సాయంత్రమే వదినకు కళ అర్థం కాలేదని గ్రూపులో పెట్టాడు. ఆ తర్వాత బండిని కాఫీ దుకాణం వాళ్ళకు ఎప్పుడు అమ్ముకున్నాడో మాకు తెలియదు. ఇప్పుడు మా మధ్య "బాగున్నరా" కూడా లేదు, నాకదే హాయి. కాఫీ దుకాణం నుంచి ఇంటికొచ్చి, నాయిన బండిని గద్దె మీద లైట్లలో పెట్టారని నా భార్యకు చెప్పాను. "పెట్టనియ్యి," అంది, తల ఎత్తకుండా. కాన్వాసు బూట్లు మట్టి అంటకుండా తలుపు వెనక అలాగే ఉన్నాయి. పెడళ్ళు దేవుడి అల్మారాలో ఉన్నాయి. శనివారం దుమ్ము దులిపినప్పుడు ఆమె ఒక పెడలు ఇరుసు పట్టుకుని వేలితో తిప్పుతుంది. గరగరమంటూ బాగానే తిరుగుతుంది. గడిచిన కాలం కూడా అంతే కాబోలు, చేత్తో తిప్పితే ఎంతసేపైనా తిరుగుతుంది, ఎక్కి పోదామంటే బండి ఉండదు.